చెంపల మీద ఎరుపు, ఆవగింజంత ఆకుపచ్చ

రెండేళ్ళ పాటు నేను రోజూ విన్న ప్రశ్న ఒకటే, "మేడమ్, జ్వరమా?" అని. క్లాసులో ముందు బెంచీ పిల్లలు అడిగారు, స్టాఫ్ రూములో అటెండర్ అన్న అడిగాడు, తిరుపతి నుంచి చిత్తూరుకు నాతో పాటు బస్సులో వచ్చే టీచరక్క అడిగింది, ఒకరోజు కండక్టర్ టికెట్ కొట్టిస్తూ కూడా అడిగాడు. జ్వరం లేదు. చెంపలు రెండూ, ముక్కు పక్కలు, గడ్డం మీద కొంచెం, ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఎండలో దిగితే కందిపోయేవి, వేడి కాఫీ తాగినా, వేడి సాంబారు తిన్నా, ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచినా ఇంకా ఎర్రబడేవి. అడిగినవాళ్ళందరూ ప్రేమతోనే అడిగారు, కానీ రోజుకు నాలుగుసార్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడం ఎంత అలసటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఎరుపును ఆకుపచ్చ రంగు కరెక్టర్‌తో, అంటే మొహం మీది రంగు తేడాను అణిచే మేకప్ క్రీముతో కప్పుకుంటున్నాను. ఎలా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, అందుకే ఇది రాస్తున్నా. కానీ ముందు ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, అది చెప్పకుండా ట్యూబ్ గురించి చెప్తే తప్పు చేసినట్టే.

నాకు మొదట వచ్చింది ఎరుపు కాదు, మంగు. చెంపల పైభాగంలో గోధుమరంగు మచ్చలు. తెలిసినావిడ ఒకరు ఒక క్రీము పేరు చెప్తే మెడికల్ షాపులో అడిగాను, చీటీ లేకుండానే ఇచ్చారు. రెండు వారాల్లో మచ్చలు పల్చబడ్డాయి, మొహం తేటపడింది, అందరూ "ఏం రాస్తున్నావు?" అని అడగడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలలు రాశాను. ఊరికి పోయినప్పుడు ట్యూబ్ మర్చిపోయి మూడు రోజులు రాయకపోతే మొహమంతా మంట, దురద, చిన్న చిన్న పొక్కులు, మిరపకాయ రుద్దినట్టు ఎరుపు. మళ్ళీ రాస్తే గంటల్లో చల్లబడింది. ఆ చల్లబడటమే నన్ను ఇంకో మూడు నెలలు మోసం చేసింది.

చర్మం డాక్టరు ట్యూబ్ చూడగానే చెప్పేసింది. అందులో ఉన్నవి మూడు మందులు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. మూడోది స్టెరాయిడ్. డాక్టరు చూస్తూ ఉంటే కొన్ని వారాలు వాడి ఆపాల్సిన దాన్ని నెలల తరబడి మొహానికి పూస్తే చర్మం పల్చబడుతుంది, కింద ఉండే సన్నటి రక్తనాళాలు వెడల్పై పైకి కనిపిస్తాయి, ఆపగానే మంట ఎదురు తిరుగుతుంది. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. నేను కొన్నది ఆ తర్వాతే. ట్యూబ్ మీద ఆర్ఎక్స్ అనే గుర్తు ఉంది, ఎర్ర అక్షరాల హెచ్చరిక ఉంది, నేను రెండూ చదవలేదు.

ఆపిన తర్వాత మొదటి రెండు నెలలు నరకం. వాసన లేని మాయిశ్చరైజర్, డాక్టరు రాసిచ్చిన మందు, సన్‌స్క్రీన్, ఇంతే. ఇంకేమీ మొహానికి తగలనివ్వద్దు అంది, పౌడరు కూడా వద్దంది. మంట పూర్తిగా పోవడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. మంట పోయింది, పొక్కులు పోయాయి, ఎరుపు మాత్రం కొంత మిగిలింది. "ఇది మెల్లగా తగ్గుతుంది, కొంత ఉండిపోవచ్చు కూడా, ఇప్పుడు కావాలంటే మేకప్ వేసుకో" అంది డాక్టరు. ఆ మాట విన్నాకే నేను కరెక్టర్ కొన్నాను. మంట మండుతున్న చర్మం మీద ఏ మేకప్పూ వేయకండి, ఎంత పెళ్ళైనా సరే. ఆ చర్మానికి తలుపులు లేవు, ఏది పూసినా లోపలికి పోతుంది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. కాబట్టి ఎరుపు మీద ఆకుపచ్చ ఎందుకు అనేది నాకు సరదాగా అనిపించే భాగం, కాస్త ఓపిక పట్టండి. రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్ 542, 577 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ, పసుపుపచ్చ వెలుగుని గట్టిగా పీల్చుకుంటుంది. ఎర్ర వెలుగుని వదిలేస్తుంది. అందుకే చర్మం కింద రక్తం ఎక్కువగా ఉన్నచోట ఎరుపు కనిపిస్తుంది. ఆకుపచ్చ పిగ్మెంట్ చేసే పని సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది, అది ఎరుపుని పీల్చుకుని ఆకుపచ్చని తిరిగి పంపుతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఏ రంగూ పైచేయి కాదు. న్యూటన్ 1704లో అచ్చు వేయించిన 'ఆప్టిక్స్'లో రంగులను ఒక చక్రంలా అమర్చాడు, ఇప్పుడు మేకప్ వాళ్ళు ఫోనులో చూపించే రంగుల చక్రం దాని మనవరాలే. ఈ మేకప్ చక్రంలో ఎరుపుకి ఎదురుగా ఆకుపచ్చ ఉంటుంది, నీలానికి ఎదురుగా నారింజ ఉంటుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే చర్మం రంగు రాదు. బూడిదరంగుకు దగ్గరగా ఉండే ఒక మందకొడి రంగు వస్తుంది. అంటే కరెక్టర్ పని ఎరుపుని చంపడం మాత్రమే, చర్మం రంగు తీసుకురావాల్సింది దాని మీద వేసే ఫౌండేషనో కన్సీలరో. ఇది తెలియక నేను మొదట కరెక్టర్‌తోనే ఎరుపు మొత్తం మాయం చేద్దామని పొర మీద పొర వేశాను. ఎరుపు పోయింది, చెంపల మీద విభూతి రాసినట్టు ఒక బూడిద తెట్టు మిగిలింది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద బాగానే ఉంది. బస్సు చంద్రగిరి దాటేసరికి కిటికీలోంచి ఎండ మొహం మీద పడి, ఫోనులో చూసుకున్నప్పుడు తెలిసింది. ఆ రోజు చున్నీ మొహానికి చుట్టుకుని కాలేజీకి వెళ్ళి, బాత్రూములో కడుక్కుని, మామూలు ఎర్ర చెంపలతోనే పాఠం చెప్పాను.

తప్పు నా చేతిది సగం, ట్యూబ్‌ది సగం. మేకప్ వీడియోల్లో చూపించే ఆకుపచ్చ చాలావరకు పుదీనా పచ్చడిలో పెరుగు కలిపినంత లేతగా ఉంటుంది. అది తెల్లటి చర్మం కోసం చేసింది. ఆ లేతదనం ఎలా వస్తుందంటే ఆకుపచ్చ పిగ్మెంట్‌లో తెల్ల పిగ్మెంట్ బాగా కలుపుతారు. డబ్బా వెనక చూస్తే ప్రతి రంగుకీ సీఐ అని ఒక కోడు నంబరు ఉంటుంది, ఆకుపచ్చకి సీఐ 77288 అనో సీఐ 77289 అనో ఉంటుంది, అవి క్రోమియం ఆధారంగా చేసే రంగులు. సీఐ 77891 అని ఉంటే అది టైటానియం డయాక్సైడ్, ఆ తెలుపు అదే. మన గోధుమరంగు, చామనఛాయ చర్మం మీద ఆ తెలుపే సున్నం లాగా పైకి తేలుతుంది. పైగా మన చర్మంలో ఎరుపు టమాటా ఎరుపు కాదు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కలిసి కొంచెం ముదురుగా, ఇటుకరంగులో, నల్లటి ఛాయ ఉన్నవాళ్ళలో వంగపండు చాయలో కనిపిస్తుంది. అందుకే చామనఛాయలో ఉన్నవాళ్ళలో ఈ ఎరుపు జబ్బుల్ని గుర్తించడం కూడా ఆలస్యమవుతుంది, మొహం ఎర్రబడి పొక్కులు లేచే రొజేషియా లాంటివి మొటిమలనుకుని ఏళ్ళు గడిచిపోతాయి. కాబట్టి లేత పుదీనా రంగు వద్దు. చేతి మీద రాసి చూస్తే ఆలివ్ ఆకుపచ్చలా, కొంచెం పసుపు వైపు మొగ్గే రంగు తీసుకోండి. షాపులో టెస్టర్ ఉంటే దవడ దగ్గర గీసుకుని బయట రోడ్డు మీదకు వచ్చి పగటి వెలుగులో చూడండి. షాపు లైట్లను నమ్మద్దు.

పసుపు అంటే గుర్తొచ్చింది. పాకాల దగ్గర ఊళ్ళో ఉండే మా అవ్వ నా ట్యూబ్ చూసి, "పచ్చరంగు పూసుకుంటే ఎరుపు పోతాదా? మేము పసుపు పూసుకునేదానికి ఏమొచ్చింది మే?" అంది. అవ్వ మాటల్లో పచ్చ అంటే పసుపూ కావచ్చు, ఆకూ కావచ్చు, మన భాషే అట్లాంటిది. కానీ అవ్వ అన్నదాంట్లో నిజం ఉంది. ఎరుపు మరీ ఎక్కువ లేనప్పుడు, మన ఛాయలకు పసుపురంగు కరెక్టరే ఆకుపచ్చకంటే బాగా కలిసిపోతుంది, బూడిద తేలదు. అవ్వ కాలంలో స్నానానికి ముందు పసుపు రాసుకున్న మొహాలకు ఆ సమమైన ఛాయ కొంతవరకు అందువల్లే వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది. నేను మాత్రం నిజం పసుపు పూసుకోలేదు, పల్చబడ్డ చర్మానికి అది మంట పుట్టించవచ్చు. ఇప్పుడు ఎరుపు తక్కువగా ఉన్న రోజుల్లో పసుపురంగు కరెక్టర్ ఒక్కటే వాడుతున్నా, ఎక్కువున్న రోజుల్లో ఆకుపచ్చ. అవ్వకు ఈ సంగతి చెప్తే చాలా సంతోషపడింది.

నేను రోజూ చేసేది చెప్తాను. మొహం చల్లటి నీళ్ళతో, నురగ ఎక్కువ రాని ఫేస్‌వాష్‌తో కడిగి, తుండుతో రుద్దకుండా అద్దుకుంటాను. మాయిశ్చరైజర్ రాసి కాఫీ చల్లారే లోపు ఆగుతాను. తర్వాత సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 50, జింక్ ఆక్సైడ్ ఉన్నది, ఎందుకంటే నా చర్మానికి మిగతావి మండాయి. దీన్ని దాటేసి కరెక్టర్ వేసుకోవడంలో అర్థం లేదు, ఎరుపుని పెంచేదే ఎండ. సన్‌స్క్రీన్ పట్టడానికి పది, పదిహేను నిమిషాలు ఇస్తాను, ఆలోగా జడ వేసుకుంటాను, బాక్సు కట్టుకుంటాను. తడి మీద వేస్తే కరెక్టర్ ఉండలు కడుతుంది.

కరెక్టర్ ఎంత అంటే, ఒక్కో చెంపకి ఒక ఆవగింజంత. నిజంగా ఆవగింజంత. ఉంగరం వేలి కొసన తీసుకుని, ఎరుపు బాగా ఎక్కువున్న చోట మధ్యలో పెట్టి, అక్కడి నుంచి బయటికి తట్టుకుంటూ పోతాను. రుద్దను. ఉంగరం వేలు ఎందుకంటే ఆ వేలికి బలం తక్కువ, తట్టు మెత్తగా పడుతుంది. ఎరుపు లేనిచోట ఆకుపచ్చ పడకూడదు, పడితే అక్కడ ఏ ఎరుపూ లేదు కాబట్టి ఆకుపచ్చగానే నిలుస్తుంది. అంచులు కరిగిపోయాయా లేదా అని చూసి, ఎరుపు ఒక మూడొంతుల్లో రెండొంతులు తగ్గితే ఆపేస్తాను. మిగిలిన ఒక వంతుని పైపొర చూసుకుంటుంది. ఇక్కడ ఆపగలగడమే మొత్తం విద్య. అద్దంలో కొంచెం ఎరుపు ఇంకా కనిపిస్తుంటే చెయ్యి మళ్ళీ ట్యూబ్ వైపు పోతుంది, నాకు దాన్ని ఆపడం నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఒక నిమిషం ఆగి, నా ఛాయకు సరిపడే కన్సీలర్ తడిపి పిండిన స్పాంజితో అద్దుతాను. ఇది కూడా అద్దడమే. బ్రష్‌తో లాగితే కింద ఆకుపచ్చ లేచి పైదానిలో కలిసి, మొదటికొస్తుంది. మొహమంతా ఫౌండేషన్ అక్కర్లేదు నాకు, చెంపలు, ముక్కు పక్కలు చాలు. పైన పౌడరు, అది కూడా పఫ్‌తో నొక్కి తీసేయడమే. సన్‌స్క్రీన్ పట్టిన తర్వాత ఇదంతా ఏడెనిమిది నిమిషాల పని. చివరగా మిద్దె మీదకు పోయి పగటి వెలుగులో ఒకసారి చూసుకుంటాను, ఎదురింటి అక్క బట్టలారేస్తూ "బాగుంది పో" అని చెప్తుంది.

కొత్త ట్యూబ్ ఏది తెచ్చినా చెవి వెనక రెండు రోజులు రాసి చూశాకే మొహానికి. సువాసన, మెంథాల్, ఆల్కహాల్ ఉన్నవి వద్దు. రాత్రి తీసేటప్పుడు పొద్దున వేసినంత ఓపిక కావాలి, వైప్స్‌తో గీకితే మరుసటి రోజు ఇంకా ఎక్కువ కప్పుకోవాల్సి వస్తుంది.

మే నెల గురించి విడిగా చెప్పాలి. తిరుపతి ఎండల్లో ఏ మేకప్పైనా మధ్యాహ్నానికి కారుతుంది. చెమట పట్టినప్పుడు తుడవకుండా టిష్యూ ఒత్తుకుంటాను, రెండు మూడు గంటలకోసారి సన్‌స్క్రీన్ మళ్ళీ అద్దుకుంటాను, కరెక్టర్ మాత్రం మళ్ళీ వేయను. పొర పెరిగితే పగుళ్ళు కనిపిస్తాయి. ఇది నాకు పూర్తిగా అర్థమైంది పోయిన సంవత్సరం తిరుపతి గంగమ్మ జాతరలో. మా పిన్ని కొడుక్కి మొక్కు ఉంది, మాతంగి వేషం వేస్తానన్నాడు. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకు తెలుసు, ఒకరోజు బైరాగి వేషం అని ఒళ్ళంతా నాము అనే తెల్లమట్టితో తెలుపు, ఒకరోజు బండ వేషం అని కుంకుమతో ఎరుపు, ఒకరోజు తోటి వేషం అని బొగ్గుతో నలుపు. ఊరు ఊరంతా రంగు పూసుకుని అమ్మవారికి ముందు నిలబడే ఆ వారం నాకు ఎప్పుడూ ఇష్టమే. మాతంగి వేషానికి మగవాళ్ళు చీర కట్టి, సవరం పెట్టి, నగలు వేసుకుంటారు. తమ్ముడు పొద్దున్నే గడ్డం నున్నగా గీయించుకుని వచ్చి నా ముందు కూర్చున్నాడు. ఎంత గీసినా గడ్డం చోట నీలంగా, బూడిదగా ఒక నీడ ఉంటుంది కదా, దాని మీద మామూలు పౌడరు వేస్తే ఆ నీడ ఇంకా మసకగా కనిపించింది. అప్పుడు రంగుల చక్రం గుర్తొచ్చి నారింజ రంగు కరెక్టర్ పల్చగా తట్టి, దాని మీద వాడి ఛాయ కన్సీలర్ అద్దాను. నీడ పోయింది. బ్లేడు తగిలి ఎర్రబడిన రెండు మూడు చుక్కల మీద ఆకుపచ్చ, గుండుసూది తలంత. పిన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, "మా అమ్మ చిన్నప్పుడు ఇట్లే ఉండేది" అని. మిట్ట మధ్యాహ్నం ఆ గుంపులో, ఆ ఎండలో తిరిగొచ్చాక కూడా పల్చగా వేసిన చోట నిలిచింది, పక్కింటి అబ్బాయికి మందంగా వేసిన పాన్‌కేక్ మేకప్ మాత్రం గడ్డం దగ్గర పొలుసులుగా లేచింది.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఎరుపు అనేది ఒక్క కారణంతో రాదు. రొజేషియా కావచ్చు, నాలాగా స్టెరాయిడ్ వల్ల కావచ్చు, జుట్టుకు వేసే రంగు పడక కావచ్చు, నుదుటి దగ్గరైతే కుంకుమలో కలిసే రంగులు పడక కావచ్చు. రెండు చెంపలూ ముక్కు మీదుగా కలిపి సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రబడి, దాంతో పాటు కీళ్ళ నొప్పులు, విడవని నీరసం, జ్వరం ఉంటే అది లూపస్, అంటే ఒంట్లోని రక్షణ శక్తి మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు అయ్యే అవకాశం ఉంది, అది చర్మంతో ఆగదు, కిడ్నీల దాకా పోతుంది. కారణం తెలియకుండా ఆకుపచ్చతో కప్పితే డాక్టరుకు కనిపించాల్సింది మనకే కనిపించకుండా పోతుంది. డాక్టరు దగ్గరకు పోయే రోజు నేను ఏమీ వేసుకోను, ఆఖరికి పౌడరు కూడా.

పోయిన వారం సెకండ్ ఇయర్ అమ్మాయి ఒకతె స్టాఫ్ రూముకు వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. "మేడమ్, మీ చెంపలు ముందు నాలాగే ఉండేవి కదా, ఇప్పుడు తగ్గాయి, ఏం వాడుతున్నారు?" అని అడిగింది. చెంపలు రెండూ ఎర్రగా మెరుస్తున్నాయి, దగ్గరికి పిలిచి చూస్తే దారప్పోగుల్లా సన్నటి నాళాలు. నా బ్యాగులో ఆకుపచ్చ ట్యూబ్ ఉంది, తీయలేదు. "నువ్వేం రాస్తున్నావు అమ్మణ్ణీ?" అని అడిగాను. కాసేపు తటపటాయించి బ్యాగు ముందు జిప్పు తీసి చూపించింది. అదే క్రీము, నేను నెలల తరబడి రాసిందే, కింది నుంచి సగం దాకా చుట్టేసి ఉంది. ఎన్నాళ్ళుగా అంటే దీపావళి నుంచి అంది. ఎవరిచ్చారంటే వాళ్ళ అక్క పెళ్ళికి తెల్లగా కనబడాలని తెచ్చుకున్నారంట, ఇద్దరూ రాస్తున్నారంట.

ఇద్దరూ ఒక్కసారిగా ఆపేసి ఆ మంటకు భయపడి మళ్ళీ మొదలుపెట్టకూడదు, ఎలా మానాలో డాక్టరే చెప్పాలి, అందుకని ఆ సాయంత్రం వాళ్ళమ్మకు ఫోను చేసి మాట్లాడాను. సోమవారం ముగ్గురూ తిరుపతికి వస్తున్నారు. ట్యూబ్ కూడా తెమ్మని చెప్పాను, డాక్టరుకు చూపించడానికి. బస్టాండుకు నేనే వెళ్తున్నా.